పసుపు తాగిన క్యాసెట్

జరగండి, ఇంకా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ఇటు రండి. ఫోన్లు బోర్లా పెట్టండి. చాయ్ తాగుతూనే వినండి, చల్లార్చుకోకండి. ఇది ముఖ్యంగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని మా పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లల కోసం. మిగతావాళ్లు విన్నా నష్టమేమీ లేదు. నడుమ నా గొంతు పెరుగుతుంది. ఆ కోపం మీ మీద కాదు.

నేను చదివింది మూడో తరగతి. పెళ్లయ్యాక రాయికోడ్ నుంచి జహీరాబాద్ వచ్చాను. మా ఆయన బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు. ఇంట్లో కంటే స్టీరింగ్ ముందే ఎక్కువ ఉండేవాడు. మేం అద్దెకున్న గది కిందే వీరన్న సేటు రిపేరు షాపు. రేడియోలు, టేపురికార్డర్లు, ఆ తర్వాత వీడియో గేములు. తెగిన వైర్లు చుట్టిపెట్టే పనికి వెళ్లాను. ఆ బల్ల దగ్గరే నా జుట్టు నెరిసింది. చూపు మందగించాక ఈమధ్యనే మానుకున్నాను.

ఉల్టా చదవడం

క్యాసెట్ అంటే పాటల టేపు అనుకోకండి. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ డబ్బా ఉంటుంది కదా, దాని వీపున ఉన్న గాడిలో దూర్చే ప్లాస్టిక్ బిళ్ల. విప్పితే లోపల ఒక పచ్చని బోర్డు, దాని మీద రెండు మూడు చిప్పులు, ఒక అంచున వరసగా బంగారు రంగు పూసిన రాగి పళ్లు. ఆ పళ్లే డబ్బాను కరుచుకుంటాయి. ఆట మొత్తం ఆ చిప్పుల్లోనే ఉంటుంది.

తయారుచేసిన కంపెనీ దాని పటం ఎవరికీ ఇవ్వదు. చెడిపోతే పారేసి కొత్తది కొనుక్కోవాలన్నది వాళ్ల ఆలోచన. చిప్పుల పక్కన సన్నని లోహపు కాళ్లు ఉంటాయి, అందుకని ఏ చిప్పు ఏ కాలు ఎక్కడికి పోతుందో, ఏ దారిలో ఏం నడుస్తుందో మేమే కనుక్కోవాలి. కట్టిన ఇంటిని చూసి మేస్త్రీ మనసులో ఏముందో చెప్పడంలాంటిది. చదువుకున్నవాళ్లు దీన్ని రివర్స్ ఇంజనీరింగ్ అంటారట. మా షాపులో ఉల్టా చదవడం అనేవాళ్లం.

కరెంటు దారి ఉందో లేదో చెప్పే మీటరు ఉంటుంది, దాని ఎర్ర వైరు ఒక కాలి మీద పెట్టాలి, నల్ల వైరు ఇంకో కాలి మీద. రెండూ కలిసి ఉంటే మీటరు కూ అంటుంది. లేకపోతే ఊరుకుంటుంది. ఇలా ప్రతి కాలినీ ప్రతి కాలితో అడగాలి. వీరన్న సేటు దీన్ని కాగితం మీద గీసేవాడు. గీత మీద గీత పడి చివరికి పిచ్చుకగూడు తయారయ్యేది. నాకు గీతలు చేతకావు. నాకు చేతనైనవి పెళ్లిళ్లు.

నవ్వకండి. రాయికోడ్‌లో మా గల్లీలో ఏ ఇంటి పిల్లను ఏ ఇంటికి ఇచ్చారో, ఎవరికి ఎవరు మేనత్తో, ఏ ఇంటి కోడలు అలిగి ఎవరి అరుగు మీద కూర్చుందో నాకు చిన్నప్పుడే నోటికి వచ్చు. అందుకని చిప్పును గల్లీ అనుకున్నాను, కాళ్లను ఇళ్లు అనుకున్నాను. మీటరు కూ అంటే ఆ రెండిళ్లకూ వియ్యం కుదిరినట్టు. ఈ మూల ఇంటి బాలమణిని ఎదుటి చిప్పులో మూడో ఇంటికి ఇచ్చారు. ఆమె ఆడపడుచు కరెంటు వచ్చే గల్లీలో కోడలు. ఒకసారి పెళ్లి చేశానంటే నేను మరచిపోయేదాన్ని కాదు.

"శంకరమ్మా, గీ చిప్పుల పెండ్లిళ్లు అయినయా లేదా? మాకు జర బువ్వ పెట్టిస్తవా?" అని వీరన్న సేటు ఏడిపించేవాడు.

"ముందు మీటర్ల కొత్త బ్యాటరీ ఎయ్యి సేటూ. సన్నాయి పల్కకుంట పెండ్లి ఎట్లయితది?" అనేదాన్ని.

పిల్లలూ, మీరు పెళ్లిళ్లే చేయాలని కాదు. మీకు బస్సు రూట్లు గుర్తుంటే బస్సు రూట్లు అనుకోండి. మీ తలలో ఇప్పటికే ఉన్న ఊరిలో బోర్డును కాపురం పెట్టండి.

పాలిష్ పేపరు

మా సేటుకు ఒక జబ్బు ఉండేది. ఏదైనా క్యాసెట్‌లో మంచి చిప్పు వేశాడంటే, దాని మీద అచ్చువేసిన పేరును పాలిష్ పేపరుతో రుద్ది తీసేసేవాడు.

"గట్లెందుకు చేస్తవ్ సేటూ?"

"ఎదుటి షాపోడు ఇప్పి చూస్తడమ్మా. మనం తిప్పలవడి కనుక్కున్నది వానికి ఫుకట్ల దొరకాల్నా?"

కొన్నాళ్లకు ఆ క్యాసెట్ మళ్లీ మా బల్ల మీదికే వచ్చింది. సేటు విప్పి, భూతద్దం పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చిరాకు పడ్డాడు.

"ఏ గాడిద రుద్దిండు గీ చిప్పును? పేరు కండ్లవడ్తలేదు!"

పాలిష్ పేపరు తీసి ఆయన ముందు పెట్టాను. కాసేపు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత మా బల్ల మీద పాలిష్ పేపరు కనబడలేదు.

నేను చూసిన యజమానుల్లో వీరన్న సేటు మంచివాడు అని ఎందుకంటానంటే, తన తప్పు చూసి నవ్వగలిగాడు. కంపెనీలకు ఆ నవ్వు లేదు. వాళ్లు చిప్పుల మీద తారులాంటి నల్లని ముద్ద పోస్తారు. మన స్క్రూడ్రైవరుకు లొంగని స్క్రూలు బిగిస్తారు. దారులను కావాలని అడ్డదిడ్డంగా తిప్పుతారు. విప్పినవాణ్ణి దొంగ అంటారు. ఆటను నకలు తీసి సంతలో అమ్ముకునేవాణ్ణి దొంగ అనండి, నేనూ అంటాను. ఆగిపోయిన వస్తువును లేపడానికి విప్పినవాణ్ణి అలా అంటే మాత్రం నేను ఒప్పుకోను. డాక్టరు పొట్ట కోస్తాడు, దొంగా పొడుస్తాడు. రెండు చేతుల్లోనూ కత్తే ఉంటుంది. తేడా తెలియనివాడు కంపెనీ నడపకూడదు.

మాట్లాడని డబ్బా

ఇక అసలు సంగతి. దసరా వెళ్లిన మరుసటి వారం ఒక అమ్మాయి షాపులోకి వచ్చింది. పక్కన చెయ్యి పట్టుకుని ఎనిమిదేళ్ల పాప. కోస్తా మాట. తణుకు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్నారు. భర్త శ్రీనివాసు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజన్లు బిగించే పనిలో ఉన్నాడు. అమ్మాయి పేరు పద్మజ. కూతురు జాహ్నవి, ఇంట్లో జానూ.

పద్మజ ఒక చేతి గేమ్ డబ్బా బల్ల మీద పెట్టింది. "ఇది మాట్లాడటం లేదండి," అంది.

"ఆట డబ్బా ఏం మాట్లాడ్తది బిడ్డా?"

"ఆట కాదండి. ఇది మా జానూ గొంతు."

అప్పుడు పాపను సరిగ్గా చూశాను. పుట్టుకతో మాట లేదు. చెవులు చక్కగా వినబడతాయి, మనం అన్నది అనకముందే అర్థం చేసుకుంటుంది. చేతులు వణుకుతాయి, అందుకని సైగలూ సరిగా కుదరవు. ఆ డబ్బా చేసిన కంపెనీ ఆటల క్యాసెట్లతోపాటు మాటల క్యాసెట్ అని ఒకటి అమ్మింది. అది పెడితే డబ్బా అద్దం మీద బొమ్మలు వస్తాయి. బొమ్మ కింద బటన్ నొక్కితే ఎవరో ఆడమనిషి గొంతు తెలుగులో ఆ మాట పలుకుతుంది. నీళ్లు. అన్నం. దోశ. బయటికి. నొప్పి. కావాలి. వద్దు.

ఫోన్లో పెట్టుకోలేరా అని మీరు అడుగుతారని తెలుసు, నేనూ అడిగాను. ఫోను అద్దం మీద చెయ్యి వణికితే నాలుగు బొమ్మలు ఒకేసారి మాట్లాడతాయట. ఈ డబ్బాకు లావుపాటి బటన్లు ఉన్నాయి, గట్టిగా నొక్కితేనే దిగుతాయి. ఆ పిల్ల ఆ బటన్ల మీద పట్టు సాధించడానికి ఎంత చెమటోడ్చిందో వాళ్లమ్మ చెప్పింది.

"అన్నిటికంటే 'వద్దు' అనే బటనే ఎక్కువ నొక్కేదండి," అంది పద్మజ. "ఉప్మా వద్దు. జడ వద్దు. వాళ్ల నాన్న పాడితే వద్దు, వద్దు, వద్దు. విసుక్కునేవాళ్లం. ఇప్పుడు ఏం పెట్టినా నోరు తెరిచి తినేస్తోందండి. ఏ గౌను తొడిగితే ఆ గౌనే. మొన్న డాక్టరుగారు సూదివేస్తుంటే నావైపు చూసింది చూడండి..." అని ఆపేసింది.

అర్థమైందా మీకు? ఆకలేస్తే ఏడ్చి చెప్పవచ్చు, దాహమైతే గ్లాసు వైపు చూసి చెప్పవచ్చు. వద్దు అని చెప్పలేని మనిషిని పక్కవాళ్లు సామానులాగా సర్దుతారు, ఎంత ప్రేమ ఉన్నవాళ్లైనా సరే. ఆ పిల్ల పోగొట్టుకున్నది అది.

"ఎట్ల ఖరాబయింది?" అడిగాడు సేటు.

పద్మజ తల దించుకుంది. "దసరాకి ఆయుధపూజ చేశామండి. ఆయన ఇంజన్లు బిగించే పానాలు, బండి, మిక్సీ, కుట్టుమిషను అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టాను. అన్నిటికీ పెట్టి దీనికి పెట్టకపోతే ఎలాగండి, పిల్ల గొంతు కదా? క్యాసెట్ బయటికి తీసి పెట్టాను. ఆ బంగారు రంగు పళ్లు మెరుస్తుంటే అదే దాని మొహం అనుకున్నానండి."

తడి పసుపు, రాగి పళ్ల మీద. ఆరకముందే మళ్లీ డబ్బాలో దూర్చి ఆన్ చేసింది.

పూజ చేశారా, మెషీన్‌కా?

ముందు కంపెనీకే ఫోన్ చేయించాను. రిపేరు వాళ్లు చేయగలిగితే వాళ్లే చేయడం న్యాయం. పద్మజ ఫోను స్పీకరులో పెట్టింది. అవతల ఒక అమ్మాయి, పట్నం మాట.

"మేడమ్, నీళ్లు తగిలితే మా బాధ్యత ఉండదు."

"నీళ్లు కాదండి, పసుపు. పూజలో..."

"పూజా? మెషీన్‌కా?" అని పక్కనున్న ఎవరితోనో ఏదో అంది. ఇద్దరు నవ్వడం మాకు వినబడింది. తర్వాత గొంతు సర్దుకుంది. "ఆ మోడల్ ఆపేశాం మేడమ్. ఆ క్యాసెట్ ఇక రాదు. కొత్తది తీసుకోండి, నెలనెలా ప్లాన్ ఉంటుంది."

పద్మజ మొహం మాడిపోయింది. నా ఒళ్లు మండిపోయింది, ఇప్పుడు చెబుతున్నా మండుతోంది. ఇది ట్రాక్టర్లు తయారయ్యే ఊరు. దసరా నాడు ఇక్కడ సుత్తికి బొట్టు, చెరకు నరికే కత్తికి బొట్టు, లారీ అద్దానికి బొట్టు. మా ఆయన స్టీరింగుకు దండ వేయకుండా సరిహద్దులోని చిరాగ్‌పల్లి దాటేవాడు కాదు. అన్నం పెట్టే వస్తువుకు దండం పెట్టడం నవ్వులాటా? ఆ నవ్విన పిల్లకు తను అమ్మే డబ్బా మీద అంత గౌరవం ఉందా? ఈ దేశంలో అమ్మే సామానుకు ఏడాదికొకసారి పసుపు తగులుతుందని తయారుచేసేవాళ్లకు తెలియదా? ఆ పళ్లకు చిన్న రబ్బరు మూత పెట్టి ఉంటే ఈ గొడవే లేదు. మూత పెట్టడానికి మనసు రాలేదు గానీ, విప్పకుండా తాళం వేయడానికి మాత్రం తెలివంతా ఖర్చుపెట్టారు.

అయితే పిల్లలూ, ఇదీ చెబుతున్నాను. పూజ చేసుకోండి, నేనూ మీటరుకు బొట్టు పెట్టినదాన్నే. పై డబ్బాకు పెట్టండి, పొడి కుంకుమ పెట్టండి. తడి పసుపు కరెంటు సామాను దగ్గరికి రానివ్వకండి.

లాక్ చిప్పు

విప్పాను. స్పిరిటుతో పళ్లన్నీ కడిగి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, డబ్బాలో పెట్టాను. అద్దం మీద అక్షరాలు వచ్చాయి. సేటు చదివాడు: ఈ క్యాసెట్ చెల్లదు.

చెల్లదట! వాళ్లు చేసిన క్యాసెటే, వాళ్లు అమ్మిన డబ్బానే.

సంగతేమిటంటే, ఇలాంటి డబ్బాల్లో క్యాసెట్ లోపల లాక్ చిప్పు అని ఒకటి ఉంటుంది. ఆన్ చేయగానే డబ్బా దాన్ని పలకరిస్తుంది. అది సరైన జవాబు చెబితేనే తలుపు తెరుస్తుంది. వేరేవాళ్ల క్యాసెట్లు పనిచేయకూడదని పెట్టిన కాపలా అది. మాటలున్న పెద్ద చిప్పు బతికే ఉంది. పసుపునీళ్లకు చచ్చింది ఈ కాపలావాడు. ఇంట్లో మనుషులు క్షేమంగానే ఉన్నారు, గేటు దగ్గరివాడు పోయాడు కాబట్టి ఎవరూ బయటికి రావడానికి లేదు అన్నట్టు.

సేటు పాత సామాన్ల డబ్బాలో అదే కంపెనీ కార్ల పందెం క్యాసెట్ ఒకటి దొరికింది. దాన్ని విప్పి, దాని పెళ్లిళ్లన్నీ చేశాను. తర్వాత జానూ క్యాసెట్ పెళ్లిళ్లు. లాక్ చిప్పు రెండింట్లోనూ ఒకటే. గల్లీలు వేరు గానీ వియ్యాలు కలిశాయి. రెండింట్లోనూ ఒకే ఒక్క కాలికి సంబంధం లేదు. ఎవరితో అడిగినా మీటరు కూ అనలేదు. దాన్ని పెళ్లికాని పిల్ల అని పక్కన పెట్టాను. కొన్ని కాళ్లు ఉత్తినే ఉంటాయి, పనేమీ ఉండదు.

వేడిగాలి గన్నుతో కార్ల క్యాసెట్ లాక్ చిప్పు ఊడదీసి జానూ క్యాసెట్‌కు అతికించాను. మర్నాడు వాళ్లను రమ్మన్నాం. శ్రీనివాసు కూడా డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు.

ఆన్ చేయగానే బొమ్మలు వచ్చాయి! నీళ్ల గ్లాసు, దోశ, తలుపు, అన్నీ. జానూ కళ్లు పెద్దవి చేసుకుని రెండు చేతులతో డబ్బా లాక్కుంది. నొక్కింది.

శబ్దం లేదు.

మళ్లీ నొక్కింది. డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. తర్వాత మెల్లగా బల్ల మీద పెట్టేసి, మొహం వాళ్లమ్మ భుజంలో దాచుకుంది. ఏడ్చినా బాగుండేది.

"నీ పసుపు వల్లే ఇదంతా!" అన్నాడు శ్రీనివాసు. "ఎవడైనా కరెంటు సామానుకి పసుపు రాస్తాడా? బుద్ధుండాలి కదా!"

నేను లేచాను. "ఓ శ్రీనివాసూ, జర ఆగు. మీ ఫ్యాక్టరీల దసరా నాడు ఇంజన్లకు బొట్టు ఎవరు వెట్టిన్రు?"

అతను తన యూనిఫాం వైపు చూసుకున్నాడు.

"నువ్వు వెడ్తె భక్తి, ఆమె వెడ్తె బుద్ధి లేకపోవుడా? నోరు లేనిది నీ బిడ్డకు. ఉన్న నోటితోని నువ్వు గీ మాటలా మాట్లాడేది?"

సేటు నన్ను మోచేత్తో పొడిచాడు. గిరాకీతో అలా మాట్లాడకూడదని ఆయన సూత్రం. నాకు ఆ సూత్రం ఎప్పుడూ అబ్బలేదు.

శ్రీనివాసు మంచివాడే. భయం కోపంగా వచ్చింది, అంతే. స్టూలు మీద కూలబడి, "తప్పేనండీ," అన్నాడు.

ఎర్రనీళ్లు

పద్మజ కళ్లు తుడుచుకుంటూ అంది: "ఎవరి దిష్టో తగిలిందనుకుని రోజూ ఎర్రనీళ్లు తీస్తున్నానండి. పసుపు, సున్నం కలిపి. ఏం లాభం?"

నా చెయ్యి ఆగిపోయింది.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. ఏ ఇంట్లో తెలియదు ఇది? బోర్డు పచ్చగా ఉంటుంది, దాని మీద ఆరిపోయిన పసుపు చార కంటికి ఆనదు. పైపైన కడిగాను సరే, చిప్పు కడుపు కిందికి ఎంత పసుపు పాకిందో నాకేం తెలుసు? కొత్త చిప్పు పెట్టేటప్పుడు కింద చూశాను, శుభ్రంగానే అనిపించింది. నా ముసలి కళ్లకు అనిపించింది.

"సేటూ, నీ పాన్ డబ్బా తే."

"ఇప్పుడు పానా? గిప్పుడా?"

"సున్నం కావాలె. తే అంటున్న గదా!"

చిప్పు మళ్లీ ఊడదీశాను. రవ్వంత సున్నం నీళ్లలో కలిపి, దూది పుల్ల తడిపి, చిప్పు కూర్చునే చోట మెల్లగా అద్దాను. అందరం వంగి చూస్తున్నాం. మొదట ఏమీ లేదు. తర్వాత వెంట్రుకంత సన్నని ఎర్ర గీత తేలింది. పారాణి పెట్టినట్టు.

ఆ గీత ఎక్కడి నుంచి ఎక్కడికో చూశాను. నేను పెళ్లికాని పిల్ల అనుకున్న కాలి దగ్గర మొదలై, చిప్పు కడుపు కింద వంకర తిరిగి, అదే చిప్పు ఇంకో కాలి దగ్గర ఆగింది. అంటే అక్కడ ఒక రాగి దారి ఉండేది. పసుపునీళ్లు, కరెంటు కలిసి దాన్ని తినేశాయి. రాగి పోయిన గాడిలో పసుపు ఇంకిపోయి ఉంది. కార్ల క్యాసెట్‌లో ఆ దారి మొదటి నుంచీ లేదు, దానికి మాటలతో పనిలేదు కాబట్టి. ఈ క్యాసెట్‌లో ఆ దారి ఉంటేనే డబ్బా దీన్ని మాటల క్యాసెట్ అని గుర్తుపట్టి గొంతు విప్పుతుంది.

నేను చేసిన పొరపాటు చూడండి. రాయికోడ్ లెక్కలో పిల్లను బయటి గల్లీకే ఇస్తారని అనుకున్నాను. కంపెనీవాడు ఇల్లరికం పెట్టుకున్నాడు! ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంది. దారి తెగిపోయింది కాబట్టి మీటరు ఎలాగూ కూ అనదు, నేనేమో బయటి తలుపులే కొట్టి, చిప్పు కడుపు కింద వెతకలేదు. మీరు పని చేసేటప్పుడు మీ లెక్కనే నమ్ముకోండి, కానీ మీ లెక్కలో లేని సంబంధం కూడా లోకంలో ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

సున్నం మరక స్పిరిటుతో తుడిచి, ఆ ఎర్ర గీత ఉన్న దారినే సన్నని రాగి తీగ పరిచి రెండు కొసలూ అతికించాను. చిప్పు కూర్చోబెట్టాను. అది అతికేదాకా శ్రీనివాసు వచ్చి బోర్డును రెండు వేళ్లతో కదలకుండా పట్టుకున్నాడు. రోజూ ఇంజన్లు బిగించే వేళ్లు కదా, రాయిలాగా నిలబడ్డాయి.

ఈసారి డబ్బాను జానూ తీసుకోలేదు. ఒకసారి మోసపోయింది కదా. పద్మజే పిల్ల ఒడిలో పెట్టింది. జానూ దాన్ని అనుమానంగా చూసి, ఒక్క వేలితో నొక్కింది.

"దోశ," అంది డబ్బా.

జానూ మళ్లీ నొక్కింది. "దోశ." ఇంకోసారి. "దోశ. కావాలి."

"తెస్త బిడ్డా, తెస్త!" అని వీరన్న సేటు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. పద్మజ ఆ సున్నం డబ్బా చేతిలో పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది.

కారులో వచ్చినాయన

సంతోషం ఆగదు కదా. శ్రీనివాసు నలుగురికీ చెప్పాడు. మాట రాని పిల్లలున్న ఇంకో రెండు కుటుంబాలవాళ్లు చెడిపోయిన క్యాసెట్లు పట్టుకుని వచ్చారు. ఆ మాట కంపెనీ చెవిన పడింది.

ఒకరోజు షాపు ముందు కారు ఆగింది. ఇస్త్రీ చొక్కా మనిషి, మెత్తని మాట. పద్మజవాళ్లకు ముందే ఫోను చేసి మా షాపుకే రమ్మన్నాడట, వాళ్లూ వచ్చి కూర్చున్నారు. అతని చేతిలో కొత్త మెషీను, మెరుస్తూ.

"మా లాక్ విప్పడం తప్పమ్మా," అన్నాడు నాతో. "కేసు పెట్టవచ్చు. మేం అలాంటివాళ్లం కాదు. విప్పిన ఆ పాత క్యాసెట్ మాకిచ్చేయండి. పాపకు ఈ కొత్తది ఉచితంగా ఇస్తాం."

శ్రీనివాసు, పద్మజ మొహాలు చూసుకున్నారు. కేసు అనే మాట జీతగాళ్ల ఇంట్లో చిన్న మాట కాదు.

"ఉచితం అంటే ఎన్ని దినాలు సారూ?" అన్నాను.

"మొదటి ఏడాది. తర్వాత నెలనెలా చిన్న మొత్తం."

"కట్టకుంటె?"

"సర్వీసు ఆగుతుంది."

"సర్వీసు అంటవేంది? పిల్ల నోరు మూస్తం అని చెప్పు. తెలుగుల చెప్పు!" నా గొంతు రోడ్డు మీదికి వినబడింది. "మీ సామాను ఖరాబయితె నవ్విన్రు. మేం బాగుచేస్తె కేసు అంటరు. మనిషి మాటను మీరు కిరాయికి ఇస్తరా? ఇయ్యాల ఉంచి రేపు గుంజుకుంటరా?"

అతను నన్ను వదిలేసి జానూ వైపు వంగాడు. మనం పిల్లలతో మాట్లాడే తియ్యని గొంతు పెట్టాడు.

"చూడు పాపా, ఎంత బాగుందో. రంగు రంగుల బొమ్మలు. ఇది నీకే. ఆ పాతది అంకుల్‌కి ఇచ్చేస్తావా?"

జానూ కొత్త మెషీన్ను చూసింది. అతన్ని చూసింది. ఒడిలో ఉన్న పాత డబ్బా మీద వేలు వెతుక్కుంటూ వెళ్లింది. వణుకుతూ వెళ్లింది, కానీ తప్పలేదు. నొక్కింది.

"వద్దు."

"ఒకసారి చేత్తో పట్టుకుని చూడమ్మా..."

"వద్దు."

"అది కాదు పాపా..."

"వద్దు. వద్దు. వద్దు."

అతను నిలబడ్డాడు. మొహంలో మెత్తదనం కొంచెం జారింది. వీరన్న సేటు పాన్ పక్క బుగ్గలోకి తోసుకుని అన్నాడు: "గది మీ కంపెనీ గొంతే గదా సారూ. సాఫ్ ఇనవడ్తుందా?"

శ్రీనివాసు లేచి తలుపు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. కారు వెళ్లిపోయింది. కేసు రాలేదు. జానూ ఆ డబ్బాతోనే బడికి పోతోంది. అక్కడ టీచరుకు కూడా వద్దు అంటోందని పద్మజ ఫిర్యాదు చేస్తుంటుంది, మొహం నిండా వెలుగుతో.

పిల్లలూ, మీ బల్ల మీదికి వచ్చే ప్రతి క్యాసెట్ వెనక ఇంత కథ ఉండదు. కార్ల పందేలే ఎక్కువ వస్తాయి. అయినా విప్పే ముందు ఇది ఎవరికి ఏమవుతుందని అడగండి. తాళం వేసినవాడు ఎప్పుడూ ఆ మాట అడగడు, మీరైనా అడగాలి.

చాయ్ గ్లాసులు అక్కడే పెట్టండి, నేను తీస్తాను. విన్నందుకు మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద దోశ ఎప్పుడూ మాడకూడదు. మీ ఇంట్లో అందరికంటే చిన్నది వద్దు అన్న రోజున, అందరికంటే పెద్దవాళ్లు చేతిలో పని ఆపి దాని మాట వినాలి.